నేను గంటలు లెక్కపెట్టాను, మా అమ్మాయి సెకన్లు లెక్కపెట్టింది

2025 జూన్‌లో మా పెద్దమ్మాయి హైస్కూల్ అయిపోయింది. గ్రాడ్యుయేషన్ రోజు డిప్లొమా ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే, అందరికంటే ముందు మా పిన్ని కూతురు జూమ్ చేసి చూసి, "అక్కా, ఆ బంగారు ముద్ర ఏంటి, తెలుగు పరీక్ష రాస్తే ఇచ్చేదేనా?" అని అడిగింది. అది వేరే, రెండు భాషలు బాగా వచ్చినవాళ్ళకి ఇచ్చేది, దాన్ని బైలిటరసీ సీల్ అంటారు, మన పిల్లలు చాలామంది తెచ్చుకుంటారు కాబట్టి అందరికీ తెలుసు. ఇది కాలిఫోర్నియా వాళ్ళే ఇచ్చే ఇంకో ముద్ర, పేరు స్టేట్ సీల్ ఆఫ్ సివిక్ ఎంగేజ్‌మెంట్, పాలన ఎలా నడుస్తుందో తెలుసుకుని నలుగురి సమస్య ఒకటి పట్టించుకున్న పిల్లలకి ఇస్తారు. మనవాళ్ళలో దీని గురించి ఎవరైనా మాట్లాడగా నేను పెద్దగా వినలేదు. గ్రూపులో రెండు ముక్కల్లో చెప్దామని టైపు చేయడం మొదలుపెట్టి, అది తెగేలా లేదని ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పులు ఎక్కువ చేసింది నేనే.

పాప తొమ్మిదో క్లాసులో చేరిన వారమే తను చేసే వాలంటీర్ పనుల గంటలు రాయడానికి నేనొక ఎక్సెల్ షీట్ తెరిచాను. తేదీ, చోటు, గంటలు, ఎవరు సంతకం పెట్టారు, నాలుగు కాలమ్‌లు. బే ఏరియాలో తెలుగు తల్లులం నలుగురం ఒకచోట చేరితే వచ్చే మాట, "మీవాడికి ఎన్ని గంటలయ్యాయి?" ఏం చేశాడని ఎవరూ అడగరు, ఎన్ని అనే అడుగుతారు. మా షీట్‌లో ఏముండేవంటే, శనివారాలు ఫుడ్ బ్యాంకులో టమాటా డబ్బాల మీద తేదీలు చూసి వేరుచేయడం, లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చదివి వినిపించడం, పండగలప్పుడు గుళ్ళో చెప్పుల స్టాండు దగ్గర నిలబడటం. చెప్పుల స్టాండు గంటలు లెక్కకొస్తాయా రావా అని మా వాట్సాప్ గ్రూపులో ఒక రోజంతా చర్చ నడిచింది, తీర్పు మాత్రం రాలేదు.

ఇదంతా ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు కోసం. 2003లో మొదలైన అవార్డు అది. 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలు ఏడాదిలో 50 గంటలు చేస్తే బ్రాంజ్, 75 చేస్తే సిల్వర్, 100 చేస్తే గోల్డ్. 16 నిండాయంటే లెక్క మారిపోయేది, బ్రాంజ్‌కే 100, గోల్డ్‌కి 250. మెడల్ ఇచ్చేవారు, సర్టిఫికెట్ ఇచ్చేవారు, ప్రెసిడెంట్ సంతకంతో ఉత్తరం కూడా వచ్చేది. నా కళ్ళు ఆ ఉత్తరం మీదే. ఫ్రేము కట్టించి హాల్లో ఏ గోడకి పెట్టాలో కూడా అనుకున్నాను, దాచడం దేనికి.

పదో క్లాసు అయిన వేసవికి ఆ ఏడాది గంటలు 118 అయ్యాయి. అప్లికేషన్ నింపుదామని కూర్చున్న రోజు మొదటిసారి నిబంధనలు పూర్తిగా చదివాను. అమెరికా సిటిజన్ అయినా అయ్యుండాలి, గ్రీన్ కార్డైనా ఉండాలి. మా ఆయనది హెచ్-1, అంటే ఉద్యోగం వీసా, నాదీ పాపదీ దాని మీద కుటుంబానికి ఇచ్చే హెచ్-4. నాలుగేళ్ళ పిల్లగా వచ్చింది ఇక్కడికి. జెండా చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రతిజ్ఞ చెప్పడం, అఆలు దిద్దడం కంటే ముందు నేర్చుకుంది. గ్రీన్ కార్డు వరసలో మా చోటు చెప్పే తేదీ, ప్రయారిటీ డేట్ అంటారు, మాది 2014, ఇంకా మా వంతు రాలేదు. రెండేళ్ళ పాటు నేను పోగేసిన షీట్ ఆ ఒక్క గడి దగ్గర ఆగిపోయింది. రూల్ మొదటినుంచీ అక్కడే ఉంది, చదవనిది నేను.

తనకి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు నానబెట్టాను. చెప్పాక "ఓకే" అంది, అంతే. ఈ పిల్లలకి ఆ "ఓకే" బాగా అలవాటు. స్నేహితులంతా వేసవిలో ఐస్‌క్రీమ్ షాపులో పనికి పోతుంటే ఈ వీసా మీద తను వెళ్ళకూడదన్నప్పుడు అదే మాట, ఇంకో స్కాలర్‌షిప్ ఫారంలో అదే గడి కనబడినప్పుడూ అదే మాట. (2025లో ఆ అవార్డునే తాత్కాలికంగా ఆపేశారు, సిటిజన్ పిల్లలకి కూడా ఆగిపోయింది. అదేదో నాకు తృప్తిగా ఉందని కాదు, ఎవరైనా ఇప్పుడు షీట్ తెరుస్తుంటే తెలియాలని చెప్తున్నాను.)

పదకొండో క్లాసులో ఈ సీల్ సంగతి మొదట విన్నది పాపే. కౌన్సెలర్‌ని అడిగితే మా స్కూల్లో అలాంటిదేమీ లేదన్నారు. అది నిజం కాదు, మా స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఇక్కడి స్కూళ్ళని నడిపే సంస్థ, అప్పటికే ఇందులో చేరి ఉంది, ఆయనకి తెలియదంతే. ఏ డిస్ట్రిక్ట్ అయినా ఇందులో చేరాలని బలవంతమేమీ లేదు, ఇష్టమైతే చేరొచ్చు, అందుకే ఒక ఊళ్ళో ఉంటుంది, పక్క ఊళ్ళో ఉండదు. చట్టం 2017లో వచ్చింది, స్టేట్ బోర్డు వాళ్ళు నియమాలు ఖరారు చేసింది 2020 సెప్టెంబరులో. చివరికి మాకు సరిగ్గా చెప్పింది పన్నెండో క్లాసుకి గవర్నమెంట్ అనే సబ్జెక్టు, మన సివిక్స్ లాంటిది, చెప్పే టీచర్.

నేను మొదట వెతికింది ఏంటో ఊహించగలరు కదా, ఎన్ని గంటలు కావాలి అని. పేజీ మొత్తం రెండుసార్లు కిందికీ పైకీ చూశాను. గంటల ప్రస్తావనే లేదు. సిటిజన్ అయ్యుండాలన్న గడి కూడా లేదు, అది మూడుసార్లు చూశాను.

అడిగేవి ఇవి. చదువులో శ్రద్ధగా ఉండాలి. అమెరికా రాజ్యాంగం, కాలిఫోర్నియా రాజ్యాంగం, ఊరి పాలన, ఇక్కడి మూలవాసి తెగల ప్రభుత్వాలు ఎలా పనిచేస్తాయి, వీటి మీద అవగాహన ఉండాలి. నిజంగా ఉన్న ఒక సమస్యని పట్టుకుని, దానికి రకరకాల దారులు ఆలోచించి, ఏదో ఒకటి చేసి, చేసింది ఎలా జరిగిందో వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఆ చూసుకున్నది రాయాలి. మనిషిగా నలుగురి గురించి పట్టించుకునే స్వభావం కనబడాలి. ఈ చివరిది ఎలా కొలుస్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు, మా డిస్ట్రిక్ట్‌లో టీచర్ రాసే ఉత్తరంతో సరిపెట్టారు.

2024 జూలైలో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. 76 ఏళ్ళు, పంచాయతీ సెక్రటరీగా చేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్ళందరిలాగే ఆయన రోజుకి అసలు ఘట్టం సాయంత్రం వాకింగ్. మా అపార్ట్‌మెంట్ల నుంచి పార్కుకి వెళ్ళాలంటే ఒక పెద్ద రోడ్డు దాటాలి. అటు మూడు లేన్లు, ఇటు మూడు లేన్లు, మధ్యలో ఎడమకి తిరిగే లేను. రోజూ అయిదింటికి అక్కడ ఓ పది పదిహేనుమంది పోగవుతారు, మన తెలుగువాళ్ళు, పంజాబీలు, గుజరాతీ బామ్మలు స్వెట్టర్ల మీద చీర కొంగు కప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే చైనీస్ తాతలు.

ఒక రోజు పాప కూడా వెళ్ళింది ఆయనతో. సిగ్నల్లో నడిచేవాళ్ళు దాటొచ్చని చెప్పే తెల్లబొమ్మ వెలిగింది. నాన్న అలవాటుగా ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ ఇటు చూసి అడుగు దింపారు. సగం దాకా రాకముందే టైమైపోతోందని ఎర్ర చెయ్యి మెరవడం, పక్కన మిగిలిన సెకన్ల అంకెలు తగ్గడం. ఆయన అంకెల్ని చూడరు, కింద రోడ్డునే చూసుకుంటూ నడుస్తారు, పడతానేమోనని. చివరి లేన్లో ఉండగా సున్నా వచ్చేసింది. పచ్చ లైటు పడ్డ కారతను హారన్ కొట్టలేదు పాపం, ఆగాడు. నాన్న మాత్రం ఆయనకి దణ్ణం పెట్టారు, తప్పు చేసినవాడిలా, రెండు చేతులూ జోడించి. పాప ఇంటికొచ్చి నాతో చెప్పింది అదే. "అమ్మా, తాతయ్య ఆ కారుకి నమస్కారం పెట్టాడు. ఎందుకు పెట్టాలి?"

ప్రాజెక్టు అక్కడ మొదలైంది. నేనైతే ఇంకేదైనా ఘనంగా ఉండేది చూడమన్నాను, పర్యావరణమో, ఏఐతో ఏదైనా యాప్ చేయడమో. వినలేదు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ మూల నిలబడేది. ఎవరు ఎప్పుడు అడుగు దింపారు, ఎప్పుడు అవతలి గట్టు ఎక్కారు, సున్నా వచ్చేటప్పటికి ఎక్కడున్నారు. మొత్తం 30 సార్లు రాసుకుంది. మ్యాప్‌లో దూరం కొలిస్తే రోడ్డు వెడల్పు 84 అడుగులు వచ్చింది. ఎర్ర చెయ్యి మెరిసే సమయం 24 సెకన్లు. 24ని ఎక్కడినుంచి తెచ్చారని వెతికితే తేలిక లెక్కే, మనిషి సెకనుకి 3.5 అడుగులు నడుస్తాడని పెట్టుకుంటారు, 84ని 3.5తో భాగిస్తే 24. 2009కి ముందు 4 అడుగులు అనుకునేవాళ్ళట, సిగ్నళ్ళకి దేశం మొత్తానికీ ఒకటే నియమాల పుస్తకం. కాలిఫోర్నియా వాళ్ళ పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది, పెద్దవాళ్ళు, నడవలేనివాళ్ళు తరచుగా దాటే చోట 2.8 అడుగులు తీసుకునే ఆలోచన చేయాలని. 84ని 2.8తో భాగిస్తే 30. ఆరు సెకన్లు తేడా.

ఆ వాక్యం దొరికిన రాత్రి నన్ను లేపి మరీ చూపించింది. నేను నిద్రమత్తులో, "ఇది ఎన్ని గంటల పని అని రాసుకున్నావా?" అన్నాను. నా వంక ఎలా చూసిందో చెప్పను.

మధ్యలో ఒక చిన్న సంగతి చెప్పి మళ్ళీ దారిలోకి వస్తాను. సెప్టెంబరు చివర్లో స్కూళ్ళలో ఓటరు చైతన్య వారాలు ఉంటాయి. ఇక్కడ 16, 17 ఏళ్ళ పిల్లలు ఓటుకి ముందస్తుగా నమోదు చేసుకోవచ్చు, 18 నిండగానే అది అమల్లోకి వస్తుంది. లంచ్ టైములో బల్ల వేసి పిల్లలే పిల్లల చేత చేయిస్తారు. నాకు మెసేజ్ వచ్చింది, "అమ్మా, నేను ఓటరు బల్ల దగ్గర ఉన్నా" అని. నాకు ప్రాణం పోయినంత పనైంది. సిటిజన్ కానివాళ్ళు పొరపాటున ఆ ఫారం మీద సంతకం పెడితే ఎంత పెద్ద గొడవో వీసాల మీద బతికే మాకు తెలుసు, మొత్తం గ్రీన్ కార్డు ఆశకే ఎసరు. పని వదిలేసి ఫోన్ చేశాను. "దేని మీదా సంతకం పెట్టకు, నీ పేరు ఎక్కడా రాయకు!" అని అరిచాను. అటునుంచి నెమ్మదిగా, "అమ్మా, నేను పెన్నులు ఇస్తున్నా అంతే" అంది. ఆ మధ్యాహ్నం వాళ్ళ క్లాసు పిల్లలు వరసగా వచ్చి పేరు రాసుకుంటుంటే, తను పెన్నులు అందించి, వెనక్కి తీసుకుని, గడులన్నీ నింపారా లేదా చూసి పంపించింది. అప్పుడు భయంలో తోచలేదు కానీ ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే గుర్తొచ్చి కాసేపు సింకు దగ్గరే నిలబడిపోయాను.

అక్టోబరులో సిటీ కౌన్సిల్‌కి వెళ్ళాం. మంగళవారం రాత్రి ఏడింటికి మీటింగ్. మొదట్లో ఎవరైనా లేచి ఏదైనా మాట్లాడొచ్చు, ఊళ్ళో ఇల్లుండాలనీ లేదు, సిటిజన్ అవ్వాలనీ లేదు. నాన్న వస్తానని పట్టుబట్టారు, మంకీ క్యాప్ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. పాప మూడు నిమిషాలకి ప్రాక్టీస్ చేసింది, నేను వంటింట్లో టైమర్ పెట్టి వారం పాటు విన్నాను. ఆ రోజు పికిల్‌బాల్ కోర్టుల చప్పుడు భరించలేకపోతున్నామని ఓ ఇరవైమంది వచ్చారు, దాంతో మేయరు ఒక్కొక్కరికీ రెండు నిమిషాలే అన్నారు. పాప కాగితం తీసి, పెన్నుతో పేరాలు కొట్టేస్తూ కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి, నాకు కనబడుతోంది. పిలిచాక లేచి వెళ్ళి మైకు కిందికి వంచుకుని మాట్లాడింది. మాట్లాడేవాళ్ళకి టైము చూపించడానికి ముందర పచ్చ లైటు, పసుపు లైటు, ఎర్ర లైటు. మాట్లాడింది సిగ్నల్ గురించి, ముందర ఉన్నదీ సిగ్నలే, నవ్వొచ్చింది కానీ ఆ టెన్షన్లో నవ్వలేదు. ఎర్ర లైటు పడేసరికి ఆఖరి వాక్యం మధ్యలో ఉంది. మేయరు, "థాంక్యూ. నెక్స్ట్ స్పీకర్ ప్లీజ్" అన్నారు.

అంతే. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. కౌన్సిల్‌లో ఉన్న ఏడుగురిలో ఇద్దరు కంప్యూటర్ వైపే చూస్తున్నారు.

కారులో ముగ్గురం మాట్లాడలేదు కాసేపు. తర్వాత నాన్న అందుకున్నారు. "మన కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌కి పోతే అర్జీ తీసుకుని రసీదైనా చేతిలో పెడతారు. పిల్ల అంత కష్టపడి చెబితే వీళ్ళేంటమ్మా, థాంక్యూ అని పంపించేశారు!" నాకూ అంతే మండింది. రంగు చూసి అలా చేశారా, చిన్నపిల్లని చేశారా అని ఏవేవో అన్నాను కూడా, పాప ముందు అనాల్సింది కాదు.

మర్నాడు టీచర్ దగ్గర సంగతి తెలిసింది. కాలిఫోర్నియాలో 1953 నుంచి బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. మామూలు మీటింగ్ ఎజెండాని 72 గంటల ముందే అందరికీ కనబడేలా పెట్టాలి, అందులో లేని విషయం మీద కౌన్సిల్ చర్చించకూడదు, నిర్ణయం తీసుకోకూడదు. మహా అయితే ఒక చిన్న ప్రశ్న వేయొచ్చు, సిబ్బందిని చూడమని చెప్పొచ్చు. తలుపులు మూసుకుని, జనానికి చెప్పకుండా నిర్ణయాలు చేయకూడదని తెచ్చిన చట్టం అది. వాళ్ళు నోరు మెదపకపోవడం మా మీద చిన్నచూపుతో కాదన్నమాట. ఇది నాన్నకి చెప్తే ఒక్క నిమిషం ఆలోచించి, "కరెక్టే. మేమూ నోటీసు, ఎజెండా ముందే తిప్పేవాళ్ళం. ఎజెండాలో లేనిది మధ్యలో దూర్చారంటే గొడవే" అని తేల్చేశారు. నిన్నటి కోపం మొత్తం ఒక ఫైలు మూసినట్టు మూసేశారు. నాకు మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది.

వారం తర్వాత సిటీలో ట్రాఫిక్ ఇంజనీరు నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగానే రాశారు, రెండు ప్రశ్నలు. ఒకటి, ఆ దారిలో పెద్దవాళ్ళు ఎప్పుడో ఒకసారి దాటుతారా, రోజూ దాటుతారా, ఎంతమంది? రెండోది, మీరు చూసిన ప్రతిసారీ దాటేవాళ్ళు బటన్ నొక్కారా?

పాప వెళ్ళి నాన్నని అడిగింది. "తాతయ్యా, నువ్వు రోజూ ఆ స్తంభానికున్న బటన్ నొక్కుతావా?"

"అది పనిచేయదు తల్లీ. నొక్కినా నొక్కకపోయినా ఒకటే."

ఒకటి కాదు. బటన్ నొక్కితేనే ఆ సిగ్నల్‌కి మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అప్పుడే తెల్లబొమ్మ వెలిగి, దాటడానికి సరిపడా సమయం ఇస్తుంది. నొక్కకపోతే అటువైపు కార్లకి ఎంత కావాలో అంతే పచ్చ లైటు, ఒక్క కారుంటే ఏడెనిమిది సెకన్లలో మారిపోతుంది. తెల్లబొమ్మ రాకపోయినా కార్లు కదిలాయి కదా అని మనవాళ్ళు బయలుదేరుతున్నారు. పాప తన నోట్‌బుక్ తీసి మళ్ళీ చూసుకుంటే, 30లో 11 సార్లు ఎవరూ బటన్ నొక్కినట్టు లేదు. మధ్యలోనే సిగ్నల్ మారిపోయిందని, అన్నిటికంటే ఘోరమైనవిగా పెట్టి కౌన్సిల్‌లో చదివింది కూడా వాటిలోవే. ఆ సాయంత్రం అన్నం తినలేదు. "నేను అందరి ముందూ తప్పు చెప్పాను" అని ఒకటే ఏడుపు. ఎవరూ గమనించలేదులే అని నేను సముదాయించబోతే ఇంకా కోపమొచ్చింది.

మర్నాడు ఇంజనీరుకి తనే రాసింది, 11 పనికిరావు, తీసేస్తున్నాను, మళ్ళీ చూసి పంపిస్తాను అని. ఈ ఒక్క మెయిల్ నేను చూడలేదు, దిద్దలేదు, తను పంపించాక చెప్పింది.

నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పేశాక అయిదింటికే చీకటి. వాకింగ్ బ్యాచ్ నాలుగింటికి మారింది, పాప స్కూల్ నుంచి నేరుగా అక్కడికే. ఈసారి ముందు రెండు రోజులు స్తంభం దగ్గర నిలబడి పెద్దవాళ్ళకి బటన్ సంగతి చెప్పింది, తెలుగులో, వచ్చీరాని హిందీలో, చైనీస్ తాతలకి సైగలతో. నాన్న అయితే ఆ పనికి తనే ఇన్‌చార్జి అయిపోయారు, ఎవరు వచ్చినా ముందు ఆయనే నొక్కేవారు. ఇంకో 20 సార్లు కొలిచింది, పది రోజులు ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టింది. బటన్ నొక్కినా నాన్న లెక్క ఇలా ఉంది, అటూ ఇటూ చూసి అడుగు దింపడానికి 4 సెకన్లు, దాటడానికి 32, మొత్తం 36. తెల్లబొమ్మ 7, మెరిసే చెయ్యి 24, మొత్తం 31. మెరిసేది 30 చేస్తే 37 అవుతుంది. ఒక్క సెకను మిగులుతుంది.

జనవరిలో నాన్నకి ఆరు నెలలు నిండాయి, వెళ్ళిపోయారు. మార్చిలో ఒక రోజు ఇంజనీరు నుంచి రెండు లైన్ల మెయిల్, ఆ మూల సమయం మార్చాం అని. పాప పరిగెత్తి వెళ్ళి వీడియో తీసింది. 30, 29, 28... రోడ్డు మీద ఆ టైముకి ఒక్కరూ లేరు, ఖాళీ రోడ్డు మీద అంకెలు తగ్గుతుంటాయి, అంతే వీడియో. నాన్నకి పంపిస్తే వెంటనే ఫోన్ చేసి, "మరి బటన్ ఎవరు నొక్కుతున్నారు ఇప్పుడు?" అని అడిగారు.

ఇక సీల్ సంగతి. ఏప్రిల్లో ఫైలు ఇవ్వాలి, అందులో ముఖ్యమైనది తను వెనక్కి తిరిగి చూసుకుని రాసే వ్యాసం. ఇక్కడ మళ్ళీ నేను దూరాను. పాప రాసింది చప్పగా ఉందనిపించి, ఒక రాత్రి కూర్చుని బాగుచేశాను. "నాయకత్వం", "ప్రభావం", "చొరవ" అన్నీ ఇంగ్లీషులో దిట్టంగా దట్టించాను, బటన్ గొడవ మొత్తం తీసేశాను, ఎవరు పరువు పోగొట్టుకుంటారు కావాలని! పాత షీట్‌లోంచి 118 గంటలు కూడా తెచ్చి అతికించాను.

వెనక్కొచ్చింది. టీచర్ పక్కన పెన్సిల్‌తో రాశారు, ఇందులో ఏదీ తప్పుపోలేదేంటి, నువ్వెక్కడున్నావు అని. పాప ఆ కాగితం నా ముందు పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. వారంలో తనే మళ్ళీ రాసింది. నేను ఇచ్చేశాక చదివాను. సగం పైగా ఆ 11 గురించే. తను చూసింది సిగ్నల్ తప్పు అనుకుందట, నిజానికి అది బటన్ నొక్కని మా తాతయ్య అని, తను ముందే ఒక జవాబు అనుకుని కొలవడం మొదలుపెట్టడం వల్ల అది కనబడలేదని. ఇంకో పేరాలో, తను లెక్కపెట్టిన పెద్దవాళ్ళలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు, తనకీ లేదు, ఇంజనీరు మాత్రం ఎంతమందికి ఓటుందని అడగలేదు, ఎంతమంది దాటుతున్నారని అడిగారు అని రాసింది. మా పరిస్థితి గురించి ఇంట్లో ఎప్పుడూ ఒక్క మాట అనని పిల్ల.

మే నెలలో ముగ్గురు పెద్దల ముందు పది నిమిషాలు మాట్లాడించారు, వాళ్ళు ఎక్కువ అడిగింది బటన్ గురించేనట. ఫలితం మెయిల్లో వచ్చింది. స్టేజీ మీద ప్రత్యేకంగా పిలవడం, మెడలో ఏదో వేయడం మా స్కూల్లో లేదు, ఇంకోచోట ఉంటుందేమో. డిప్లొమా అట్ట తెరిస్తే ముద్ర ఉంది.

మీ పిల్లలకి కావాలంటే చేయాల్సింది, పదకొండో క్లాసు మొదట్లోనే డిస్ట్రిక్ట్ ఆఫీసుకి నేరుగా మెయిల్ రాసి ఉందో లేదో కనుక్కోండి, కౌన్సెలర్ లేదన్నారని ఆగిపోకండి. గవర్నమెంట్ క్లాసు టీచర్‌తో పిల్లలే మాట్లాడాలి. కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా అని నన్ను చాలామంది అడిగారు. అప్లికేషన్లు నెలల ముందే వెళ్ళిపోతాయి, ముద్ర వచ్చేది జూన్‌లో, మీరే లెక్కేసుకోండి. పాప తన వ్యాసాల్లో నమస్కారం సంగతి రాసింది, ముద్ర సంగతి రాయడానికి అప్పటికి లేనే లేదు.

మా చిన్నోడు ఇప్పుడు తొమ్మిదో క్లాసు. వాడు ఇక్కడే పుట్టాడు, ఏ గడి దగ్గరా ఆగక్కర్లేదు. వాడికి షీట్ తెరవలేదు నేను. వాళ్ళక్క కాలేజీకి వెళ్ళేముందు ఇంట్లో అందరి ఫోన్ క్యాలెండర్లలో ఒక తేదీ పెట్టి వెళ్ళింది, వాడికి 16 నిండే రోజు, ఓటుకి ముందస్తు నమోదు చేయించాలని. పెన్ను తనే తెస్తుందట.